దీన్‌దయాళ్ బొమ్మలను ఎవరు చూశారు?

1892లో హైదరాబాద్ రాజ్యంలో ఒకే ఫొటో సంస్థ ఒకదానికొకటి పొసగని రెండు పనులు తలకెత్తుకుంది. నిజాం రాజ్యంలోని కట్టడాల బొమ్మలను వరసగా పేర్చి పెద్ద ఆల్బమ్‌గా కట్టింది. రాజ్య వైభవాన్ని దూరదేశాల ప్రముఖులకు చూపడానికి తయారైన ఆల్బమ్ అది. అదే ఏడాది అదే సంస్థ ఆడవాళ్లకోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచింది. అక్కడ తీసిన బొమ్మ పరాయి మగవాడి కంట పడకూడదు.

ఆ సంస్థ యజమాని లాలా దీన్‌దయాళ్, తర్వాతి కాలపు రాజా దీన్‌దయాళ్. ఆయన ప్రతిభ అనగానే కెమెరా పనితనమే గుర్తుకొస్తుంది. ఆ ఖ్యాతికి ఆయన పూర్తిగా అర్హుడు. కానీ ఏ బొమ్మను ఎవరికి, ఏ రూపంలో చూపాలో నిర్ణయించడంలో కూడా ఆయనది గొప్ప ప్రతిభే. ఆల్బమ్, విడి ప్రింటు, ప్రదర్శన, స్టూడియో అన్న నాలుగు దారులనూ ఆయన వాడుకున్నాడు. ఏ దారిన వెళ్లిన బొమ్మకు ఆ దారి చూపరులే దొరికారు. నేడు ఆయన తీసినవాటిలో ఏవి మిగిలాయి, ఏవి మనకు తెలుసు అన్నది చాలావరకు ఆ నిర్ణయాలమీదే ఆధారపడింది.

అయితే ఈ దారులు ఆయన కొత్తగా వేసినవి కావు. దక్షిణాదిలో వాటి మొదలు చూడాలంటే నలభై ఏళ్లు వెనక్కి, మద్రాసుకు వెళ్లాలి.

1855లో మద్రాసులో పెద్ద పారిశ్రామిక ప్రదర్శన జరిగింది. మద్రాసు సైన్యంలో అధికారి లినేయస్ ట్రైప్ అందులో 68 ఫొటోలు పెట్టాడు. అవన్నీ బేలూరు, హళేబీడు వైపు ఆయన తిరిగి తీసిన హొయసల ఆలయాల బొమ్మలు. వాటికి మొదటి తరగతి పతకం వచ్చింది. ఆ పేరుతోనే అదే ఏడాది బర్మా రాజు దగ్గరకు వెళ్లిన బ్రిటిష్ రాయబార బృందంలో ఆయనకు చోటు దొరికింది. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ ఉద్యోగం కూడా వచ్చింది.

గోడమీది బొమ్మ పేరు తెచ్చిపెట్టింది. కానీ ప్రభుత్వానికి కావలసింది దాచుకోవడానికి, పంచడానికి వీలైన రూపం. బర్మా బొమ్మలు 120 ఎంచి, 50 ప్రతులు చేయమన్నారు. అంటే ఆరు వేల ప్రింట్లు. అప్పట్లో ఫొటోను అచ్చుయంత్రంతో ముద్రించే వీలు లేదు. ప్రతి కాగితానికీ రసాయనం పూయాలి, నెగెటివ్ కింద పెట్టి ఎండలో ఉంచాలి, రంగు తేలాక కడిగి ఆరబెట్టాలి, అట్టకు అంటించాలి. మబ్బు పడితే పని ఆగిపోయేది. బెంగళూరులో సహాయకులను పెట్టుకుని ట్రైప్ ఆ పని పూర్తిచేశాడు.

ఆయన ఆల్బమ్‌లలో తెలుగువారికి మరీ దగ్గరిది ఒకటుంది. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించి తీసిన శిల్పాలు మద్రాసు చేరి, ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1858లో ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. మరుసటి ఏడాది శిల్పాల్లో ఎక్కువ భాగాన్ని లండన్‌కు ఓడ ఎక్కించారు. చివరికి అవి బ్రిటిష్ మ్యూజియం చేరాయి. రాళ్లు ఊరు దాటకముందు ఎలా ఉండేవో చెప్పే సాక్ష్యం ఆ ఆల్బమే. ఏ ఫలకం ఎక్కడ విరిగింది, అంచు ఎంత మిగిలింది అన్నవి తెలుసుకోవడానికి చరిత్రకారులు నేటికీ ఆ పుటలే తిరగేస్తారు. ఇదే ప్రయోజనం మద్రాసు ప్రభుత్వానికి అప్పుడు కనిపించలేదు. కొత్తగా వచ్చిన గవర్నర్ చార్లెస్ ట్రెవెల్యాన్ ఖర్చు ఎక్కువని ట్రైప్ ఫొటోల పని ఆపించేశాడు.

ప్రభుత్వం వదిలేసిన చోట వ్యాపారం అందుకుంది. 1863లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన శామ్యూల్ బౌర్న్ హిమాలయాలు ఎక్కి, ఊళ్లు తిరిగి బొమ్మలు తీశాడు. ఆయన భాగస్వామిగా నడిచిన బౌర్న్ అండ్ షెపర్డ్ సంస్థ ప్రతి నెగెటివ్‌కూ ఒక నంబరు వేసి, జాబితా అచ్చువేసి అమ్మకానికి పెట్టింది. కొనేవాళ్లు జాబితా చూసి తమకు నచ్చిన నంబర్లు రాసి పంపితే చాలు. తెప్పించుకున్న ప్రింట్లను ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు ఆల్బమ్‌లో అంటించుకునేవారు. ట్రైప్ ఆల్బమ్‌లో ఏ బొమ్మ తర్వాత ఏది రావాలో ఫొటోగ్రాఫరే నిర్ణయించాడు. ఇక్కడ ఆ వరస కొనేవాడి చేతికి వెళ్లింది. తాజ్‌మహల్ పక్కన సొంత కుటుంబం బొమ్మ, దాని పక్కన పులివేట, ఆ పక్కన బెనారస్ ఘాట్ చేరాయి. ఒకే నెగెటివ్ వందల ఇళ్లలో వందల రకాల కథల్లో పాత్ర అయింది.

దీన్‌దయాళ్ ఈ రెండు పద్ధతులూ చూసి ఎదిగినవాడు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలోని థామసన్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, 1866లో ఇందౌర్‌లో ప్రజా పనుల శాఖ ఉద్యోగంలో చేరాడు. కొలతలు వేయడం, నక్షాలు గీయడం ఆయన పని. 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. మధ్య భారత ఏజెన్సీ అధికారి సర్ హెన్రీ డేలీ, ఇందౌర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్ ఆయనను ప్రోత్సహించారు. 1882లో బ్రిటిష్ అధికారి సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ తిరిగి కోటలు, గుళ్లు, రాజభవనాలు తీశాడు. ఆ బొమ్మలతో గ్రిఫిన్ పుస్తకం 1886లో లండన్‌లో వెలువడింది. కట్టడం మొత్తం చట్రంలో ఒదగడం, గీతలు నిటారుగా ఉండడం, మూల మూలా స్పష్టంగా కనిపించడం ఆ ఫొటోల లక్షణాలు. నక్షాలు గీసిన చేతి క్రమశిక్షణ వాటిలో కనిపిస్తుంది.

1880ల మధ్యలో ఆయన హైదరాబాద్ చేరాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా నియమించాడు. సర్కారు ఉద్యోగం వదిలి, 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆ చోటు ఎంపికలోనే ఆలోచన ఉంది. సికింద్రాబాద్ బ్రిటిష్ దండు ఉన్న ఊరు. మూసీకి అటూ ఇటూ నిజాం నగరం, దాని జాగీర్దార్లు, అమీర్లు. ఒకవైపు ఇంగ్లండ్‌కు ఉత్తరాలు రాసే సైనికాధికారుల కుటుంబాలు, మరోవైపు దర్బారు. రెండు లోకాలకూ బొమ్మలు కావాలి, కానీ రెండింటికీ ఒకే రకం బొమ్మలు పనికిరావు.

సికింద్రాబాద్ దొరలకు విడి ప్రింట్లు చాలు. దీన్‌దయాళ్ ప్రింట్లు చాలావాటి అడుగున తెల్లని అక్షరాల్లో శీర్షిక, నంబరు, ఆయన పేరు కనిపిస్తాయి. గాజు నెగెటివ్‌మీద సిరాతో రాస్తే, ఆ సిరా వెలుతురును అడ్డుకుని ప్రింటులో తెల్లగా తేలుతుంది. ఒక్కసారి రాస్తే ఆ నెగెటివ్ నుంచి వచ్చే ప్రతి ప్రింటుమీదా పేరు దానంతటదే వస్తుంది. ప్రింటు ఏ చేతులు మారి ఏ దేశం చేరినా తీసినవాడు ఎవరో తెలుస్తుంది. నూరేళ్ల తర్వాత పాత పెట్టెల్లో దొరికిన బొమ్మలు ఆయనవేనని గుర్తుపట్టగలిగారంటే ఆ చిన్న అక్షరాలే కారణం.

దర్బారుకు ఆల్బమ్‌లు కావాలి. తోలు అట్ట, బంగారు అక్షరాల ఆల్బమ్ రాజులు ఇచ్చిపుచ్చుకునే కానుక. 1892 నాటి ఆల్బమ్ ప్రతి ఒకటి లార్డ్ కర్జన్ సేకరణలో చేరి, నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అలాంటి ఆల్బమ్ తెరిచిన విదేశీ అతిథి నిజాం రాజ్యాన్ని నిజాం చూపదలచిన క్రమంలోనే చూస్తాడు. 1902లో వైస్రాయ్‌గా కర్జన్ హైదరాబాద్ రాజ్యానికి వచ్చినప్పుడు వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వేట ఏర్పాటు చేశారు. కర్జన్ దంపతులు చచ్చిన పులి వెనుక నిలబడి దిగిన ఫొటో ఆ వేటదే, దీన్‌దయాళ్ సంస్థ తీసినదే.

ఆల్బమ్‌లో క్రమం ఎంత బలమైనదో కరువు బొమ్మల్లో తెలుస్తుంది. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అల్లాడింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మరీ దెబ్బతిన్నాయి. సైన్యాధికారి విలబీ వాలెస్ హూపర్ ఎముకల గూళ్లయిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ విడి బొమ్మలను చూసినవాళ్లకు ఆకలి తప్ప మరేమీ కనిపించదు. ఇరవై ఏళ్లు దాటాక నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్ ప్రాంతంలో కరువు వచ్చినప్పుడు దీన్‌దయాళ్ సంస్థ ఒక ఆల్బమ్ చేసింది. అందులోనూ బక్కచిక్కిన మనుషులున్నారు. కానీ వాళ్ల చుట్టూ సహాయ పనులు, అన్నం పెట్టే ఏర్పాట్లు వరసగా ఉన్నాయి. ఆకలికి జవాబుగా ప్రభుత్వం ఏం చేసిందో చెప్పడం ఆ ఆల్బమ్ పని. ఆకలికి చిక్కిన మనిషి ముఖం రెండు చోట్లా ఒక్కటే. పక్క పుటలో ఏముందన్నదే దాని అర్థాన్ని మార్చేసింది.

ఇక జెనానా స్టూడియో. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు మగ ఫొటోగ్రాఫర్ ముందు కూర్చోరు. అందుకే ఆ స్టూడియో బాధ్యతను కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లిష్ మహిళకు అప్పగించారు. హైదరాబాద్ స్త్రీలకు ఇది కొత్త స్వేచ్ఛ. తమ రూపాన్ని తాము కోరుకున్నట్టు నిలుపుకుని, ఎవరికి ఇవ్వాలో ఇంట్లోనే నిర్ణయించుకునే వీలు దొరికింది. ఆ నిర్ణయాన్ని కాపాడితేనే స్టూడియో నిలుస్తుంది. ఒక్క బొమ్మ బజారులో కనిపించినా మళ్లీ ఏ ఇంటి పల్లకీ ఆ గుమ్మం ముందు ఆగదు. చూపకుండా ఉండడం కూడా ఫొటోగ్రాఫర్ వృత్తిలో భాగమని తెలిసిన సంస్థ అది. స్టూడియో ఖ్యాతి ఎంత ఉన్నా, అందులో తీసిన ముఖాలు చరిత్రకు పెద్దగా దక్కకపోవడానికీ కారణం ఇదే.

ప్రదర్శనలు వేరే పని చేసిపెట్టాయి. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దీన్‌దయాళ్ ఫొటోలకు బహుమతి వచ్చింది. అక్కడికి వచ్చిన లక్షలమందిలో సికింద్రాబాద్ వచ్చి ఫొటో దిగేవాళ్లు ఎవరూ ఉండరు. కానీ ఆ గౌరవం ఇక్కడి దర్బారులో, దండులో ఆయన స్థాయిని పెంచింది. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చాడు. 1896లో బొంబాయిలో మరో పెద్ద స్టూడియో తెరిచాడు. విక్టోరియా మహారాణి ఫొటోగ్రాఫర్‌గానూ గుర్తింపు పొందాడు.

ఆ ఉచ్చస్థితిలోనే కాలం మారడం మొదలైంది. 1888లో ఈస్ట్‌మన్ తెచ్చిన కోడక్ కెమెరాతో ఎవరైనా ఫొటో తీసుకోగలిగారు. 1900లో వచ్చిన బ్రౌనీ కెమెరా ధర అమెరికాలో ఒక్క డాలరు. అంతకుముందు ఫొటో పత్రికలోకి ఎక్కాలంటే చెక్కడపు కళాకారుడు దాన్ని చెక్క దిమ్మమీద మళ్లీ చెక్కాల్సివచ్చేది. హాఫ్‌టోన్ పద్ధతి వచ్చాక ఫొటోనే చుక్కలుగా విడగొట్టి అక్షరాలతోపాటు అచ్చువేయగలిగారు. వారపత్రిక పుటలో ఫొటో చవకగా దొరుకుతుంటే, ఎండలో ఒక్కొక్కటిగా తేల్చిన ప్రింట్ల ఆల్బమ్ కొనేవాళ్లు తగ్గారు. 1904లో కొడుకు ధరమ్‌చంద్, 1905లో స్వయంగా దీన్‌దయాళ్ కన్నుమూశారు. మరో కొడుకు జ్ఞాన్‌చంద్ హైదరాబాద్ వైపు వ్యాపారాన్ని కొనసాగించాడు.

అమ్ముడుపోయిన ఆల్బమ్‌లు రాజభవనాల్లో, లండన్ గ్రంథాలయాల్లో భద్రంగా నిలిచాయి. గాజు నెగెటివ్‌లు కుటుంబం దగ్గరే ఉండిపోయాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆ కుటుంబం నుంచి 2,857 గాజు నెగెటివ్‌లను సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది. 2013లో కెనడాలోని రాయల్ ఒంటారియో మ్యూజియం ఆయన బొమ్మలతో ప్రదర్శన పెట్టింది. దీపాలి దేవన్, డెబోరా హటన్ రాసిన పుస్తకం కూడా అదే ఏడాది వచ్చింది. పరిశోధకులు ఇప్పుడు చేస్తున్న పని ఈ ముక్కలను కలపడం. నెగెటివ్‌మీది నంబరును బట్టి దాని ప్రింటును వెతకాలి. ఆ ప్రింటు ఏ ఆల్బమ్‌లో ఎన్నో పుటలో ఉందో, ముందువెనుకల ఏ బొమ్మలున్నాయో చూడాలి. స్టూడియో పద్దు పుస్తకాల్లో ఆ నంబరు ఎదుట ఎవరి పేరు రాశారో సరిచూడాలి. హైదరాబాద్‌లో నిజాం పరివారపు పాత ఫొటోలు చౌమహల్లా ప్యాలెస్ గోడలమీద నేడు టికెట్ కొన్న ఎవరికైనా కనిపిస్తాయి. ఆల్బమ్ తెరిచి చూసే హక్కు ఒకప్పుడు వైస్రాయ్‌లకూ, రాజబంధువులకూ మాత్రమే ఉన్న బొమ్మల ముందు ఆదివారం మధ్యాహ్నాలు పిల్లలతో వచ్చిన కుటుంబాలు ఆగి, ఆ ముఖాలు ఎవరివని అడుగుతున్నాయి.