అపరాధ పరిశోధక నవలలు

అపరాధ పరిశోధక నవలలు కాలహరణమునకే పనికివచ్చునని మనలోఁ గొందఱు పెద్దల యభిప్రాయము. మే మట్లు తలంపము. 1841లో అమెరికాదేశపు రచయిత ఎడ్గార్ ఆలన్ పో మొదలిడిన యీ కథాశాఖను, 1887లో షెర్లాక్ హోమ్సు పాత్రను సృజించి కానన్ డాయిల్ లోకప్రసిద్ధ మొనర్చెను. తెనుఁగునఁ గొమ్మూరి సాంబశివరావుగారు (1926–1994) యుగంధర్, రాజు అను పాత్రలతో దీనిని సామాన్య గృహములకుఁ జేర్చిరి. అద్దె పుస్తకముల దుకాణములే యీ నవలలకు గ్రంథాలయము లయ్యెను.

ఇట్టి కథలలోని పరిశోధకుఁడు ఋజువు దొరకనిదే యెవ్వరిని నిందింపఁడు. ఎంతటివాఁడు చెప్పినను శోధింపక నమ్మఁడు. ఇదియే వీనివలని లాభము. పిమ్మట వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ గారి "తులసిదళం" చేతబడిని వస్తువుగాఁ గొని విశేషాదరము పొందినది. అందు నుత్కంఠ మెండు. కాని భయము తర్కమును మ్రింగినచోటఁ జదువరికి మిగులునది గగుర్పాటే.

1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు కంప్యూటరు విద్యకు నెలవులైనవి. అట్టి నగరమునందును విద్యావంతులు "డిజిటల్ అరెస్టు" అను దొంగపోలీసుల ఫోను బెదరింపునకు లొంగి ధనము గోల్పోవుచున్నారు. మన చట్టమున నట్టి యరెస్టే లేదు! యంత్ర మెఱిఁగినంతనే వివేచన యలవడదు. కావునఁ బిల్లల చేతి నవలను లాగికొనకుఁడు; "ఇందు ఋజువేది?" యని వారి నడుగుఁడు.