క్లచ్ లేని బండి కథ: ఆటో గేరు పాడైతే తప్పెవరిది?

ఎక్సలేటర్ తొక్కితే ఇంజిన్ గట్టిగా అరుస్తుంది. బండి మాత్రం కదలదు. కాసేపటికి ఒక్క కుదుపుతో ముందుకు దూకుతుంది. దిగి చూస్తే మాడిన వాసన. పాత ఆటోమేటిక్ పికప్‌లు, ట్రక్కులు నడిపే డ్రైవర్ అన్నలకు ఈ సంగతి కొత్త కాదు. ఆ తర్వాత ఫోర్‌మన్ అడిగే మాట కూడా కొత్త కాదు: "ఏం చేసినవ్ బండిని?"

మనలో చాలామంది ఊళ్లో టాటా, లేలాండ్ లారీల మీద స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నవాళ్లం. క్లచ్ అరిగితే కాలికి తెలుస్తుంది. గేరు సరిగా పడకపోతే చేతికి తెలుస్తుంది. ఆటో బండిలో ఆ రెండూ లేవు. లోపల ఏం జరుగుతున్నదో తెలియదు కాబట్టి, మీద నింద పడితే ఏం జవాబు చెప్పాలో కూడా తెలియదు. అందుకే ఈ వారం ఆ గేర్‌బాక్స్ పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుందాం.

ఓడ నుంచి కారుకు

దీని మూలం కార్లలో లేదు, ఓడల్లో ఉంది. హెర్మన్ ఫొట్టింగర్ అనే జర్మన్ ఇంజినీరు స్టెట్టిన్ రేవులోని ఓడల కార్ఖానాలో పని చేసేవాడు. ఆవిరి టర్బైన్ చాలా వేగంగా తిరుగుతుంది, ఓడ పంకా నెమ్మదిగా తిరగాలి. ఈ రెంటినీ ద్రవంతో కలిపే పద్ధతికి ఆయన 1905లో పేటెంటు తీసుకున్నాడు. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా! గాలికి బదులు ఆయిల్ పెడితే అదే ఇది. ఇనుముకు ఇనుము తగలకుండానే బలం అటు నుంచి ఇటు వస్తుంది.

కారులో క్లచ్ పెడల్ పూర్తిగా తీసేసి, అన్ని గేర్లూ వాటంతటవే మారే ఏర్పాటును పెద్ద ఎత్తున అమ్మినది జనరల్ మోటార్స్. ఎర్ల్ థాంప్సన్ నాయకత్వంలో తయారైన 'హైడ్రామేటిక్' 1939లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది. ముందుకు 4 గేర్లు. అదనపు ధర 57 డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎం5 రకం చిన్న ట్యాంకులకు ఇదే బిగించారు. ఒక్కో ట్యాంకులో రెండు కాడిలాక్ ఇంజిన్లు, రెండు హైడ్రామేటిక్‌లు. యుద్ధం అయ్యాక ఆ పేరే చెప్పి కార్లు అమ్ముకున్నారు. 1940ల చివరలో అలిసన్ కంపెనీ బస్సులకు ఆటో గేర్లు చేసింది. తర్వాత అవి భారీ ట్రక్కులకూ వచ్చాయి.

ఒక నిప్పురవ్వ

వెల్డింగ్, గ్యాస్ కటింగ్ పని చేసే సోదరులు ఈ పేరా రెండుసార్లు చదవాలి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం లివోనియాలో ఉన్న హైడ్రామేటిక్ ఫ్యాక్టరీలో 1953 ఆగస్టు 12న కటింగ్ టార్చ్ రవ్వలు ఆయిల్ కారే ట్రేలో పడ్డాయి. అంత పెద్ద షెడ్డులో మధ్య గోడలు లేవు. నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు కొంత భాగానికే ఉన్నాయి. పైకప్పు మీది తారు కరిగి మంటల్లోకి కారింది. ఫ్యాక్టరీ మొత్తం బూడిదైంది, కార్మికుల ప్రాణాలు పోయాయి. కంపెనీ కొన్ని వారాల్లోనే వేరేచోట గేర్‌బాక్సుల తయారీ మళ్లీ మొదలుపెట్టింది. పోయినవాళ్ల ఇళ్లకు మాత్రం ఎవరూ తిరిగి రాలేదు. ఫ్యాక్టరీల పైకప్పులు, స్ప్రింక్లర్ల విషయంలో అగ్నిమాపక నిపుణులు చాలాకాలం ఉదాహరణగా చూపింది ఈ ప్రమాదాన్నే.

తిమింగలం నూనె

గేర్‌బాక్స్‌కు ఆయిలే రక్తం. బలాన్ని మోసేది అదే, లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేది అదే, అరగకుండా కాపాడేది అదే, వేడిని బయటికి తెచ్చేదీ అదే. ఒకప్పుడు ఈ ఆయిల్‌లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. ప్లేట్లు కుదుపు లేకుండా మెత్తగా పట్టుకునేది దానివల్లే. తిమింగలాలు అంతరించిపోతున్నాయని 1970ల మొదట్లో అమెరికా ఆ నూనెను నిషేధించింది. బదులుగా కొత్త ఆయిళ్లు వచ్చాయి. వాటిలో మొదట వచ్చిన ఒక రకం రేడియేటర్‌లోని ఆయిల్ కూలర్ అతుకులను తినేసింది. నీళ్లు, ఆయిల్ కలిసిపోయి గేర్‌బాక్సులు పాడయ్యాయి. నడిపిన డ్రైవర్ల తప్పు అందులో ఏముంది?

ఇంకో ఉదాహరణ. 1982 నుంచి షెవర్లే, జీఎంసీ బండ్లలో 700ఆర్4 అనే 4 గేర్ల ఆటో పెట్టె వచ్చింది. ఎక్సలేటర్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే ఒక సన్నని కేబుల్ లోపలి ఆయిల్ ఒత్తిడిని నిర్ణయిస్తుంది. ఆ కేబుల్ వదులైతే ఒత్తిడి తగ్గి, ప్లేట్లు జారి కాలిపోతాయి. పెట్టె విప్పేముందు ఆ తీగ చూశారా అని మెకానిక్‌ను అడగవచ్చు.

డ్రైవరు చూడవలసినవి

మంచి ఆయిల్ ఎర్రగా, శుభ్రంగా ఉంటుంది. నల్లబడి మాడిన వాసన వస్తే లోపల ప్లేట్లు కాలినట్టు. గులాబీ రంగు పాలలా ఉంటే రేడియేటర్ నీళ్లు కలిసినట్టు. అప్పుడు బండి నడపకూడదు. గేరు వేసిన కాసేపటికి గాని బండి కదలకపోతే ముందు ఆయిల్ మట్టం చూడాలి. చాలా బండ్లలో సమతలం మీద, ఆయిల్ వేడెక్కాక, ఇంజిన్ ఆన్‌లో ఉంచి కొలవాలి. మీ బండి పుస్తకంలో ఏముందో అదే పాటించండి. ఏ ఆయిల్ దొరికితే అది పోయవద్దు.

ఎడారిలో వేడే మొదటి శత్రువు. ఎక్కువ బరువు, ఇసుకలో కూరుకుపోయి చక్రాలు తిప్పడం, ఇసుకతో మూసుకుపోయిన రేడియేటర్, ఈ మూడూ కలిస్తే ఆయిల్ ఉడికిపోతుంది. ఇంకో సంగతి. తొలినాటి ఆటో పెట్టెల్లో వెనక కూడా ఒక పంపు ఉండేది కాబట్టి బండిని తోసి స్టార్ట్ చేయగలిగేవారు. 1960లలో ఆ పంపు తీసేశారు. ఇప్పుడు ఇంజిన్ ఆగితే పంపూ ఆగుతుంది. అందుకని తోసినా లాభం లేదు. ఇంజిన్ బలం అందుకునే చక్రాలు నేల మీద ఉండగా తాడు కట్టి దూరం లాగితే ఆయిల్ అందక పెట్టె పాడవుతుంది. రికవరీ బండి మీదికి ఎక్కించాల్సిందే.

రాసి పెట్టుకోండి

నేను పాత పికప్ నడిపిన రోజుల్లో గేరు జారుతున్నదని మూడుసార్లు నోటితో చెప్పాను. పెట్టె పోయినరోజు ఆ మాట విన్నవాడు ఒక్కడూ లేడు. అప్పటి నుంచి తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ రంగు చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ని. ఇప్పుడైతే ఫోన్‌లో ఫొటో తీసి ఫోర్‌మన్‌కు మెసేజ్ పెట్టవచ్చు, సాక్ష్యం ఉంటుంది.

సౌదీ కార్మిక చట్టం 91వ నిబంధన ప్రకారం కార్మికుడి తప్పు వల్ల యంత్రం పాడైతేనే జీతంలో కోత పెట్టాలి. అదీ నెలకు 5 రోజుల జీతానికి మించకూడదు. మిగతా దేశాల్లో నియమాలు వేరు, కాగితం మీద సంతకం పెట్టేముందు తెలిసినవాళ్లను అడగండి. ముసలి బండి ఏదో ఒకరోజు ఆగిపోతుంది. ఆగేముందు అది ఏం చెప్పిందో మీ దగ్గర రాసి ఉంటే, దాని ఖర్చు మీ ఇంటికి పంపే డబ్బుల్లోంచి పోదు.