త్యాగరాయనగర్ కాఫీ హోటళ్ళు: ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు



ఊరి నుంచి చుట్టాల పిల్లలు వస్తే మద్రాసులో ఎక్కడ మంచి కాఫీ, మంచి కేకు దొరుకుతుందని మన గ్రూపులో ఒకరు అడిగారు. సగం మంది టీనగర్, పాండీబజార్ అని రాశారు. చిన్నవాళ్ళు కొత్త కెఫేల పేర్లు చాలా పెట్టారు. ఆ జాబితాకు నేను ఇంకో పేరు చేర్చడం లేదు. ఆ వీధుల్లో ఒక మనిషి కుర్చీలో కూర్చుని కాఫీ తాగడం అనే మామూలు పనికి నూరేళ్ళ కథ ఉంది. అందులో మన తెలుగువాళ్ళ పాత్ర పెద్దది. దాన్ని వరుసగా చెబుతాను. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

ముందు పేర్లు. మాంబళం స్టేషన్‌లో దిగి, రంగనాథన్ వీధి జనంలో తోసుకుంటూ ఉస్మాన్ రోడ్డు ఎక్కి, పానగల్ పార్కు దాకా నడవండి. ఈ చోటంతా ఒకప్పుడు పెద్ద చెరువు, దాని పక్కన మాంబళం పల్లె. 1920లలో చెరువు పూడ్చి, వీధులు గీసి, కొత్త పేట కట్టారు. 1931లో బీచ్ నుంచి తాంబరానికి కరెంటు రైలు వచ్చాక ఇక్కడ ఇల్లు కట్టుకుని ఊళ్ళో ఉద్యోగానికి పోవడం సులువైంది. అప్పుడు మద్రాసును ఏలుతున్నది జస్టిస్ పార్టీ. అందుకే పేట నిండా వాళ్ళ పేర్లే. పేటకు సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు. ఆయన తెలుగు దేవాంగుల ఇంట పుట్టినవారు. 1916లో ఆ పార్టీని మొదలుపెట్టిన వారిలో ఒకరు. 1920 ఎన్నికల్లో గెలిచాక ముఖ్యమంత్రి పదవి ఇస్తామంటే వద్దన్నారు. పార్కుకు పానగల్ రాజాగారి పేరు. అసలు పేరు పానగంటి రామారాయణింగారు, పుట్టింది కాళహస్తిలో, 1921 నుంచి 1926 దాకా ముఖ్యమంత్రి. వీళ్ళు మనవాళ్ళని మన ఇళ్ళల్లోనే చాలామంది పిల్లలకు తెలియదు. "టీనగర్" అనేస్తే "టీ" అంటే ఏమిటని అడిగేవాళ్ళు కూడా తగ్గిపోయారు.

ఆ "టీ" తాగే టీ కాదు కానీ, త్యాగరాయ చెట్టిగారికీ టిఫిన్‌కూ నిజంగా సంబంధం ఉంది. 1920లో ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పేద పిల్లలకు మధ్యాహ్నం టిఫిన్ పెట్టాలని తీర్మానం చేశారు. ఒక్కో పిల్లకు రోజుకు అణా మించకూడదని లెక్క. కడుపు ఖాళీగా ఉన్న పిల్లవాడు బడికి రాడని పెద్దలు గ్రహించారు. తర్వాత 1956లో కామరాజ్ గారు, 1982లో ఎంజీఆర్ గారు పెంచుకుంటూ వచ్చిన మధ్యాహ్న భోజనానికి ఆ అణా టిఫినే మొదలు. పేద పిల్లలను ఒక్క వరుసలో కూర్చోబెట్టి టిఫిన్ పెట్టించిన మనిషి పేరు ఈ పేటకు ఉంది. ఇది గుర్తుంచుకోండి. కడపట మళ్ళీ అవసరం వస్తుంది.

ఇక కాఫీ. మన ముత్తాతల కాలంలో తెల్లారితే చద్దన్నం, దాని మీది నీళ్ళు. ఇరవయ్యో శతాబ్దం మొదటి పాదంలో ఆ చోటును కాఫీ పట్టుకుంది. అప్పట్లో దాన్ని తిట్టనివాడు లేడు. కల్లు లాగే ఇదీ అలవాటైతే వదలదని, ఒళ్ళు పాడవుతుందని, ఆడవాళ్ళు కూడా తాగేస్తున్నారని పత్రికలు గోల పెట్టాయి. తిట్టినవాళ్ళూ తాగారు. కాఫీతో పాటే కాఫీ హోటళ్ళు వచ్చాయి. ఊరికి కొత్తగా వచ్చిన గుమాస్తాకు, కోర్టు పని మీద వచ్చిన రైతుకు, హాస్టల్ కుర్రవాడికి వీధిలోనే డబ్బులిచ్చి తినే చోటు దొరికింది.

అయితే తినే చోటు వేరు, కూర్చునే చోటు వేరు. చాలా హోటళ్ళు బ్రాహ్మణులవి. బోర్డు మీదే ఆ మాట ఉండేది. లోపల బ్రాహ్మణులకు ఒక భాగం, మిగతా కులాలకు ఒక భాగం. మధ్య తడికో గోడో ఉండేది. పంచములని పిలవబడిన వాళ్ళకు గడప లోపలికే రానిచ్చేవారు కాదు. వాళ్ళ డబ్బుకు అంటు లేదు, మనిషికే అంటు.

మా రైల్వేలో కూడా ఇదే. స్టేషన్ల భోజనశాలల్లో బ్రాహ్మణులకు వేరే, ఇతరులకు వేరే. రైలు పెట్టెలో ఒకే బెంచీ మీద భుజాలు రాసుకుంటూ వచ్చినవాళ్ళు, ప్లాట్‌ఫారం దిగి అన్నానికి పోయేటప్పటికి రెండు తలుపుల్లోకి విడిపోయేవారు. టిక్కెట్టు మీద కులం లేదు, కానీ విస్తరాకు దగ్గర ఉంది. పెరియార్ ఈవీ రామసామి గారు జస్టిస్ పార్టీ నాయకుడిగా ఉన్నప్పుడు దీని మీద ఉద్యమం నడిపారు. 1941లో రైల్వే ఆ వేరు గదులను ఎత్తేసింది. మేము ఉద్యోగంలో చేరేసరికి అది ఎవరికీ గుర్తు లేని సంగతి. ఉన్న గోడ కూలితే కొన్నాళ్ళు మాట్లాడుకుంటారు, తర్వాత అక్కడ గోడ ఉండేదన్న మాటే మరిచిపోతారు. అందుకే రాసిపెట్టడం మంచిది.

ఇక్కడ మనవాళ్ళను మాత్రమే పొగిడి ఊరుకుంటే చరిత్ర కాదు. జస్టిస్ పార్టీ పెద్దలు చాలామంది జమీందారులు, పెద్ద వర్తకులు. తమకు పై వరుసలో చోటు కావాలని గట్టిగా పోరాడారు, అది న్యాయమే. కానీ తమ కింద ఉన్నవాళ్ళ చోటు సంగతి వచ్చినప్పుడు అంత గట్టిగా నిలబడలేదు. దళిత నాయకుడు ఎంసీ రాజా గారు 1923లో ఆ కారణంగానే ఆ పార్టీ వదిలి పోయారు. అయితే వాళ్ళలోనే డబ్ల్యూపీఏ సౌందరపాండియన్ నాడార్ గారి లాంటి వారూ ఉన్నారు. పాండీబజార్ అనే పేరు ఆయనదే, పాండిచ్చేరిది కాదు. రామనాథపురం జిల్లా బోర్డు అధ్యక్షుడిగా ఆయన, దళితులను ఎక్కించుకోని బస్సులకు లైసెన్సు ఉండదని కట్టడి చేశారు. బస్సులో సీటు, హోటల్లో కుర్చీ, రెండూ ఒకే తగాదా.

చట్టాలు ఒకటొకటిగా వచ్చాయి. 1938లో ఎంసీ రాజా గారు తెచ్చిన బిల్లు మద్రాసు రాష్ట్రంలో చట్టమైంది. బావి, రోడ్డు, బస్సు లాంటి చోట్ల అంటరానితనం చూపడం నేరమని అంది. 1950లో రాజ్యాంగం 15వ అధికరణంలో అంగళ్ళు, హోటళ్ళు అని పేరు పెట్టి మరీ రాసింది. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది. అయినా బోర్డు మీది మాట అంత సులభంగా పోలేదు. 1957లో తిరువల్లిక్కేణిలో మురళీ కెఫే అనే హోటల్ బోర్డులో "బ్రాహ్మణ" అన్న మాట తీసేయాలని పెరియార్ గారి మనుషులు నెలల తరబడి రోజూ వాకిట నిలబడి రోజూ అరెస్టయ్యారు. చివరికి ఆ మాట పోయింది. ఇప్పుడు మనం "పేరులో ఏముంది" అంటాం. అప్పుడు ఆ ఒక్క మాట కోసం వందల మంది జైలుకు పోయారు.

ఆ సమయంలోనే ఉడుపి నుంచి వచ్చినవాళ్ళు మద్రాసు హోటళ్ళ రూపమే మార్చారు. వాళ్ళలో పెద్ద పేరు కే కృష్ణారావు గారిది. 1938లో రాయపేటలో వుడ్‌లాండ్స్ పెట్టారు. 1962లో కెథీడ్రల్ రోడ్డు పక్క తోటలో వుడ్‌లాండ్స్ డ్రైవ్ ఇన్ వచ్చింది. కారులోనే కూర్చుంటే కిటికీకి పళ్ళెం తగిలించి దోశ తెచ్చేవారు. కారు లేనివాళ్ళు లోపల కూర్చునేవారు. కాలేజీ పిల్లలు, పెన్షన్‌దారులు, మందుల కంపెనీ రెప్రజెంటేటివ్‌లు ఒక కాఫీతో రెండు గంటలు కూర్చున్నా లేవమని అన్నవాళ్ళు లేరు. 2008లో మూశారు. అక్కడ ఇప్పుడు సెమ్మొళి పూంగా ఉంది.

బేకరీల దారి వేరు. పాండీబజార్ బేకరీల పూర్వీకులను వెతకాలంటే వేపేరి, పెరంబూరు పోవాలి. పెరంబూరులో రైల్వే కార్ఖానా ఉంది. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లుగా పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఆ చుట్టుపక్కలే ఉండేవి. వాళ్ళకు పొద్దున రొట్టె కావాలి, క్రిస్‌మస్‌కు ప్లమ్ కేకు కావాలి. వేపేరిలో 1885 నాటి స్మిత్ ఫీల్డ్ బేకరీ ఆ కాలపు జ్ఞాపకమే. మన ఇళ్ళల్లో మాత్రం రొట్టె అంటే జ్వరం వచ్చినవాడి ఆహారం. గుడ్డు ఉంటుందని, ఎవరు పిసికారో అని, ఆచారం ఉన్నవాళ్ళు దగ్గరికి పోయేవారు కాదు. ఆ భయాన్ని బెంగళూరులో అయ్యంగార్ బేకరీలు తీర్చాయి. 1898లో చిక్కపేటలో మొదటిది పెట్టారు. గుడ్డు లేని కేకు, కారం బన్ను అందరి ఇళ్ళలోకీ వచ్చాయి. ఇప్పుడు తమిళనాడులో చిన్న ఊరి బస్టాండులో కూడా "బెంగళూరు అయ్యంగార్ బేకరీ" బోర్డు చూస్తాం.

బేకరీలో ఇంకో సంగతి గమనించండి. అక్కడ గల్లా దగ్గర నిలబడి కొనడమే. లోపలి గది, బయటి గది లేవు. చిల్లర ఇస్తే బన్ బటర్ జామ్ కాగితంలో చుట్టి ఇస్తాడు. టీ అంగడిలోనూ అంతే. కూర్చునే చోటు లేనప్పుడు ఎవరెక్కడ కూర్చోవాలనే తగాదా కూడా లేదు. మద్రాసులో కూలి మనిషికీ గుమాస్తాకూ ముందుగా సమానత్వం దొరికింది నిలబడి తాగిన టీ దగ్గరే అని నా అభిప్రాయం.

ఇక మన తెలుగువాళ్ళకు టీనగర్ సొంత ఊరైంది సినిమా వల్ల. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోక ముందు, నటులు, రచయితలు, పాటగాళ్ళు ఈ పేటలోనే ఇళ్ళు తీసుకున్నారు. వేషం కోసం వచ్చినవాడు పానగల్ పార్కు చెట్ల కింద కాచుకునేవాడు. ఎవరైనా తెలిసినవాడు కనబడితే పాండీబజార్‌లో కాఫీ. జేబులో డబ్బు లేనివాడికి ఆ కాఫీయే పొద్దుటి టిఫిన్. హోటల్ బల్ల దగ్గర మద్రాసు తెలుగు, గుంటూరు తెలుగు, గోదావరి తెలుగు కలిసి వినబడేవి. ఆ బల్లలు ఇప్పుడు ఖాళీ అయ్యాయని కాదు, ఆ మాట తగ్గింది.

ఇప్పటి పాండీబజార్ చూస్తే 2019లో నడిచేవాళ్ళ కోసం వెడల్పు పేవ్‌మెంట్ వేశారు. మధ్య మధ్య బెంచీలు ఉన్నాయి. పక్కన చల్లటి గది, మెత్తటి సోఫా ఉన్న కెఫేలు. ఒక్క కాఫీ రెండు వందలు దాటుతుంది. బోర్డు మీద కులం లేదు, తడిక లేదు. ఎవరైనా లోపలికి పోవచ్చు. కానీ ధరల పట్టిక చూసి ఎంతమంది వాకిట నుంచే వెనక్కి తిరుగుతారు? పిల్లలు అక్కడ కూర్చోవడం తప్పు అని నేననను. కష్టపడి సంపాదించారు, కూర్చోనివ్వండి. నేనడిగేది ఇంకొకటి.

తెల్లవారుజామున ఈ వీధులు ఊడ్చే కార్మికుల మాట ఎప్పుడైనా విన్నారా? చాలామంది మాట్లాడేది తెలుగే. తరాల కింద ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి ఈ ఊరి మురికి మోసిన కుటుంబాలు. తమిళనాడు పడమటి జిల్లాల్లో అరుంధతీయుల ఇళ్ళల్లోనూ తెలుగే. పేట పేరు తెలుగువాడిది, పార్కు పేరు తెలుగువాడిది, ఆ పార్కు చుట్టూ చీపురు పట్టిన చెయ్యీ తెలుగువాళ్ళదే. మొదటి ఇద్దరి ఫొటోలు పెట్టి మనం సభలు జరుపుతాం. మూడోవాళ్ళు మన సంఘం సభ్యత్వ పుస్తకంలో ఎందరున్నారో ఒకసారి తిప్పి చూడండి. మన ఉగాది భోజనం పంక్తిలో వాళ్ళు కూర్చున్నారా, లేక పంక్తి లేచాక ఆకులు తీయడానికి మాత్రమే వచ్చారా?

వాళ్ళు రాకూడదని మనం ఏ బోర్డూ పెట్టలేదు, నిజమే. కానీ రమ్మని కూడా ఎవరూ పిలవలేదు. తడిక కట్టకుండానే మనుషులను బయట ఉంచడం ఇలాగే జరుగుతుంది.

నా మనవి రెండే. ఒకటి, వచ్చే నెల ఒక ఆదివారం సాయంత్రం పిల్లలను తీసుకుని మాంబళం స్టేషన్ నుంచి పాండీబజార్ దాకా నడుద్దాం. ఏ రోడ్డు ఎవరి పేరో చెబుదాం. తర్వాత వాళ్ళు కోరిన కెఫేలో వాళ్ళు కోరిన కాఫీ తాగనిద్దాం. రెండు, వచ్చే ఉగాదికి ఆ వీధుల కార్మిక కుటుంబాలను మన అధ్యక్షులవారే ఇంటికి పోయి బొట్టు పెట్టి పిలవాలి. వచ్చాక మనతో పాటు మొదటి పంక్తిలో కూర్చోబెట్టాలి. వాళ్ళలో చదువుకున్న పిల్లలను కార్యవర్గంలోకి తీసుకోవాలి. ఖర్చు ఎక్కువవుతుందని ఎవరైనా అంటే, 1920లో అణా లెక్క వేసి టిఫిన్ మొదలుపెట్టిన పెద్దాయనను తలుచుకోండి. ఆయన పేరు చెప్పుకునే హక్కు మనకు అలాగే వస్తుంది.

కార్యవర్గ సమావేశంలో ఈ రెండో విషయం అజెండాలో పెట్టమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. మీ అభిప్రాయం, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, కింద రాయండి.