రాబర్ బారన్లు

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో అమెరికా రైలుమార్గాలు, కిరోసిను, ఉక్కు, బ్యాంకులను చేజిక్కించుకున్న కోటీశ్వరులకు గిట్టనివారు పెట్టిన పేరు ‘రాబర్ బారన్లు’. తెలుగులో దోపిడీ దొరలు అనుకోవచ్చు. మెచ్చుకునేవారు వాళ్లనే పరిశ్రమల సేనానులు అన్నారు. ఈ రెండో బిరుదు టామస్ కార్లైల్ 1843లో వెలువరించిన పుస్తకం నుంచి వచ్చింది. కార్నీలియస్ వాండర్‌బిల్ట్, జే గూల్డ్, జాన్ డి. రాక్‌ఫెల్లర్, ఆండ్రూ కార్నెగీ, జె.పి. మోర్గన్, లీలండ్ స్టాన్‌ఫర్డ్ ఈ వరసలో ఎప్పుడూ వినిపించే పేర్లు. వాళ్లు వెలిగిన కాలానికి 1873లో మార్క్ ట్వేన్, చార్లెస్ డడ్లీ వార్నర్ కలిసి రాసిన నవల పేరే నిలిచిపోయింది: ‘గిల్డెడ్ ఏజ్’. బంగారు పూత యుగం అని అనువదించవచ్చు గానీ, రోల్డుగోల్డు కాలం అంటే అందులోని వెటకారం ఇంకా బాగా అందుతుంది.

పేరు పుట్టుక

మధ్యయుగాల్లో రైన్ నది ఒడ్డున కోటలు కట్టుకుని, వచ్చేపోయే పడవల దగ్గర సుంకం గుంజిన జర్మన్ దొరలుండేవారు. 1859 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ ఒక సంపాదకీయంలో వాండర్‌బిల్ట్‌ను వాళ్లతో పోల్చింది. కాలిఫోర్నియా ఓడమార్గంలో పోటీకి దిగి చార్జీలు పడగొట్టడం, ఆ పైన పాత కంపెనీలు నెలనెలా ముట్టజెప్పే సొమ్ము పుచ్చుకుని తప్పుకోవడం ఆయన మీద వచ్చిన ఫిర్యాదు. ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే ఆయన పోటీలో ఉన్నంతకాలం లాభమే. నష్టమంతా ఆయన తప్పుకున్నాక మొదలైంది. ఈ వివాదం ఆనాటి నుంచీ ఇలాగే మెలికపడి ఉంది. మాట అందరి నోటా నానింది మాత్రం చాలా తర్వాత, మహామాంద్యం రోజుల్లో, 1934లో మాథ్యూ జోసెఫ్‌సన్ అదే పేరుతో పుస్తకం రాశాక.

కిరోసిను రాజ్యం

రాక్‌ఫెల్లర్ 1870లో క్లీవ్‌లాండ్‌లో స్టాండర్డ్ ఆయిల్ స్థాపించాడు. 1872లో రైల్వే కంపెనీలతో ఒక రహస్య ఏర్పాటులో చేరాడు. తన సరుకు మీద రాయితీ ఉండటం వింత కాదు. పోటీదారులు కట్టే రవాణా చార్జీలో కూడా కొంత తనకే ముట్టాలన్నది అసలు షరతు. విషయం బయటపడి గగ్గోలు రేగడంతో ఆ ఏర్పాటు అమలు కాకుండానే కూలిపోయింది. అయితే దాన్ని చూపి పుట్టించిన భయం కొన్ని వారాల్లోనే పనిచేసింది. ఊళ్లోని 26 శుద్ధి కర్మాగారాల్లో 22 ఆయన చేతికి వచ్చాయి. 1880 నాటికి దేశంలో నూనెశుద్ధిలో దాదాపు 90 శాతం ఆయనదే.

గుత్తాధిపత్యం వస్తే ధర పెరగాలి కదా. ఇక్కడ తగ్గింది. 1870లో 26 సెంట్లున్న గాలన్ కిరోసిను ఎనభైల నడిమికి పది సెంట్ల లోపుకు దిగి, పేదింట్లోనూ దీపం వెలిగింది. ఆయన్ను సమర్థించేవారి బలమంతా ఈ అంకెలోనే ఉంది. వ్యతిరేకుల్లో పేరెన్నిక గన్న ఐడా టార్బెల్ పెన్సిల్వేనియా చమురు ఊళ్లలో పెరిగింది. ఆమె తండ్రి అక్కడి చిన్న ఉత్పత్తిదారుల్లో ఒకరు. 1902 నుంచి 1904 దాకా మెక్‌క్లూర్స్ పత్రికలో ఆమె రాసిన వ్యాసాలకు ధర ముఖ్యం కాదు, ఆట ఎలా ఆడాడన్నది ముఖ్యం. 1905లో ఒక మిషనరీ బోర్డుకు రాక్‌ఫెల్లర్ ఇచ్చిన లక్ష డాలర్లు మైలపడిన సొమ్మని పాస్టర్ వాషింగ్టన్ గ్లాడెన్ వ్యతిరేకించాడు. అడిగి తెచ్చుకున్నది ఆ బోర్డేనని తర్వాత తేలింది.

కార్నెగీ, హోమ్‌స్టెడ్

అందరికన్నా చిక్కు ప్రశ్న కార్నెగీది. 1835లో స్కాట్లాండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో చేనేత కుటుంబంలో పుట్టాడు. ఆవిరి మగ్గాలు వచ్చి తండ్రి మగ్గానికి పని లేకుండా పోతే, 1848లో కుటుంబమంతా అమెరికా ఓడ ఎక్కింది. చీరాలలోనో పోచంపల్లిలోనో ఈ కథ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. అక్కడ పత్తి మిల్లులో వారానికి డాలరూ 20 సెంట్లకు కండెలు అందించే పిల్లవాడిగా చేరాడు. జేమ్స్ ఆండర్సన్ అనే పెద్దమనిషి పనిపిల్లల కోసం తన సొంత పుస్తకాలు తెరిచిపెట్టాడు. కార్నెగీ జీవితాంతం ఆ రుణం తలచుకున్నాడు.

ఉక్కు రారాజయ్యాక, 1886లో, కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కుందని, సమ్మెలో ఉన్నవాడి ఉద్యోగంలోకి ఇంకొకడు వెళ్లడం తప్పని పత్రికలో రాశాడు. 1889 వ్యాసంలో ధనవంతుడు తన సంపదకు ధర్మకర్త మాత్రమేనని, దాన్ని బతికుండగానే సమాజానికి ఖర్చుపెట్టాలని వాదించాడు. అదే వ్యాసంలో ఇంకో మాట ఉంది. చిన్న చిన్న మొత్తాలుగా జనానికి పంచితే సొమ్ము కరిగిపోతుంది, ఒక్క చేతి మీదుగా పెద్ద పనికి వెచ్చిస్తేనే మేలు. ఆయన మీద జరిగే వాదమంతా ఈ వాక్యం దగ్గరే తేలాలని నాకనిపిస్తుంది. ఆ చిన్న మొత్తాలే జీతాలైతే?

1892 జూన్ 30న హోమ్‌స్టెడ్‌లోని ఆయన ఉక్కు కర్మాగారంలో జీతాల ఒప్పందం ముగిసింది. కార్నెగీ స్కాట్లాండ్‌లో ఉన్నాడు. వ్యవహారం కంపెనీ ఛైర్మన్ హెన్రీ ఫ్రిక్ చేతిలో పెట్టాడు. ఫ్రిక్ సంఘంతో మాటలు కట్టిపెట్టి, గేట్లు మూసి, 300 మంది పింకర్టన్ ప్రైవేటు కాపలాదారులను మొనాంగహీలా నది మీద పడవల్లో రప్పించాడు. జూలై 6న ఒడ్డున రోజంతా సాగిన పోరులో ఇరుపక్షాలా కనీసం పది మంది చనిపోయారు. గవర్నరు 8,500 మంది సైనికులను దించాడు. నవంబరుకు సమ్మె విరిగింది, సంఘమూ విరిగింది. పన్నెండు గంటల షిఫ్టు, రెండు వారాలకోసారి ఆగకుండా 24 గంటల పని మిగిలాయి.

1901లో కంపెనీని మోర్గన్‌కు 48 కోట్ల డాలర్లకు అమ్మాడు. చనిపోయేలోగా, అంటే 1919లోగా, సుమారు 35 కోట్లు దానం చేశాడు. ప్రపంచవ్యాప్తంగా కట్టించిన గ్రంథాలయాలు 2,509. స్థలం ఊరివాళ్లదే, నిర్వహణకు ఏటా విరాళంలో పదో వంతు పన్నుల నుంచి కేటాయించాలి. హోమ్‌స్టెడ్ రక్తం గుర్తున్న డెట్రాయిట్ ఆ విరాళం పుచ్చుకోవాలా వద్దా అని 1901 నుంచి 1910 దాకా తగువులాడింది. పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడ్డవాడు పుస్తకం తెరిచేదెప్పుడన్న ప్రశ్నకు బ్రాడక్ ఉక్కు ఊరి గ్రంథాలయంలో ఒక వింత జవాబు కనిపిస్తుంది. దాని నేలమాళిగలో కార్మికులకు స్నానాల గదులు కట్టారు.

చట్టం, చరిత్రకారులు

1890 నాటి షెర్మన్ చట్టం గుత్తసంస్థల కట్టడి కోసం చేసిందే గానీ, తొలినాళ్లలో న్యాయస్థానాలు దాన్ని కార్మిక సంఘాల మీద కూడా ప్రయోగించాయి. 1911లో సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ను 34 ముక్కలు చేసింది. ముక్కల వాటాల విలువ పెరిగి రాక్‌ఫెల్లర్ మరింత ధనికుడయ్యాడు.

జోసెఫ్‌సన్‌కు జవాబుగా అన్నట్టు 1940లో ఆలన్ నెవిన్స్ రాక్‌ఫెల్లర్‌ను నిర్మాతగా చూపే జీవితచరిత్ర రాశాడు. 1977లో ఆల్‌ఫ్రెడ్ చాండ్లర్ మంచిచెడ్డలు పక్కనపెట్టి, పెద్ద కంపెనీ నడిచే తీరు మీద దృష్టి పెట్టాడు. బర్టన్ ఫోల్సమ్ 1987లో మార్కెట్‌లో గెలిచినవాళ్లను, సర్కారు సాయంతో ఎదిగినవాళ్లను వేరుచేయాలన్నాడు. ఆ గీటురాయి మీద స్టాన్‌ఫర్డ్ నిలవడు. సర్కారు ఇచ్చిన భూములు, అప్పులతో లేచిన ఆయన సెంట్రల్ పసిఫిక్ రైలుమార్గాన్ని వేసింది ఎక్కువగా చైనా కూలీలు. గవర్నరుగా 1862లో చైనీయుల రాకను ఈసడించిందీ ఆయనే.

తెలుగునాట జాడలు

విశాఖపట్నం మల్కాపురంలో 1957లో చమురుశుద్ధి కర్మాగారం తెరిచిన కాల్‌టెక్స్‌లో సగం వాటా స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియాది, అంటే 1911 నాటి 34 ముక్కల్లో ఒకదానిది. 1976లో దాన్ని కేంద్ర ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది, 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిపింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పంటల పరిశోధన కేంద్రం ఏర్పడటానికి పూనుకున్న సంస్థల్లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఒకటి. హైదరాబాదీ సత్య నాదెళ్ల ఎంబీఏ చేసిన షికాగో విశ్వవిద్యాలయం రాక్‌ఫెల్లర్ డబ్బుతో లేచిందే. పిట్స్‌బర్గ్ కార్మికుల పిల్లలు చేతిపనులు నేర్చుకోవాలని కార్నెగీ 1900లో పెట్టిన సాంకేతిక పాఠశాలలు 1967 నాటికి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమయ్యాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసిన రాజ్ రెడ్డి 1969లో కార్నెగీ మెలన్‌లో చేరి, 1979లో దాని రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టరయ్యాడు.