నా తొడ ఎముకలో జర్మన్ మేకు

2003లో ఒక రిక్రూట్‌మెంట్ ర్యాలీ పని ముగించుకుని జగదల్‌పూర్ నించి రాయ్‌పూర్ వస్తున్నాం. దారిలో కేశకాల్ ఘాట్ దిగాలి. అక్కడ తెలిన్ మాత గుడి దగ్గర డ్రైవర్లు ఆగి దణ్ణం పెట్టుకుంటారు. మేమూ పెట్టుకున్నాం. రెండు మలుపులు దిగామో లేదో, జీపు పల్టీ కొట్టింది. నా కుడి తొడ ఎముక మధ్యకి విరిగింది. దగ్గర్లోని గోండు పల్లె వాళ్ళు వెదురు బద్దలు పెట్టి, తువ్వాళ్ళతో కట్టి, మంచం మీద రోడ్డెక్కించారు. వాళ్ళ మేలు మరువలేను.

ఫోన్లో మా అమ్మ ఒకటే గోల, "పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించండ్రా" అని. చిత్తూరు జిల్లా వాణ్ణి కదా, పుత్తూరు కట్టు మీద నాకూ గురి ఉంది. కానీ రాయ్‌పూర్‌లో డాక్టరు గారు అసలు సంగతి చెప్పారు. తొడ కండరాలు మహా బలమైనవి, విరిగిన ముక్కల్ని ఒకదాని మీదికి ఒకటి లాగేస్తాయి. పై కట్టుకి అవి ఆగవు. "సుబేదార్ సాబ్, కె-నెయిల్ వేస్తాం" అన్నారు. కె అంటే ఏంటి సార్ అంటే, "కుంచర్, జర్మన్" అని వెళ్ళిపోయారు. మంచం మీద ఉన్నన్నాళ్ళూ, తర్వాతా, ఆయనెవరో తెలుసుకోవడమే నా పని అయింది.

గెర్‌హార్డ్ కుంచర్ 1900లో జర్మనీలోని స్వికావ్‌లో పుట్టారు. కీల్ ఊళ్ళో సర్జన్. అంతకుముందు తొడ విరిగితే కాలికి బరువు కట్టి నెలల తరబడి పడుకోబెట్టేవాళ్ళు. ఎముక అతికేసరికి మోకాలు బిగుసుకుపోయేది. ఎముక లోపల గొట్టంలా ఖాళీ ఉంది కదా, అందులోకే స్టీలు మేకు దించితే? ముందు కుక్కల మీద చూసి, 1939 నవంబరులో మనిషికి వేశారు. 1940లో బెర్లిన్ సర్జన్ల సభలో చెబితే పెద్దలు చాలామంది పెదవి విరిచారు. మూలుగ పాడైపోతుందని వాళ్ళ భయం.

తర్వాత యుద్ధం. హిట్లర్ సైన్యంలో డాక్టరుగా ఫిన్లాండ్ ఉత్తరాన పనిచేశారు. అక్కడి సర్జన్లూ ఈ పని నేర్చుకున్నారు. జవాను త్వరగా లేచి డ్యూటీకి వస్తాడని ఆ సైన్యానికి లాభం, అది కాదనను. కానీ జర్మన్ల చేతిలో ఖైదీలైన అమెరికన్, బ్రిటిష్ సైనికులకి కూడా ఈ మేకులు వేశారు. వాళ్ళు ఇంటికొచ్చాక ఎక్స్‌రే తీసిన డాక్టర్లు నోళ్ళు తెరిచారట. 1945లో టైమ్ పత్రిక కూడా దీని గురించి రాసింది. శత్రువు కాలులో మేకు వేసి నడిపించి పంపడం! మన వృత్తిలో ఉన్నవాడికి ఇది అంత తేలిగ్గా మింగుడుపడే విషయం కాదు. ఆయన్ని మెచ్చుకోవాలా, ఆయన వేసుకున్న యూనిఫారం చూసి ముఖం తిప్పుకోవాలా అని నేను చాలా రాత్రులు తన్నుకున్నాను. ఆ యూనిఫారానికి నేనెప్పుడూ సెల్యూట్ కొట్టను. మేకుకి మాత్రం కొడతాను.

యుద్ధం తర్వాత హాంబర్గ్ ఓడరేవు ఆసుపత్రికి పెద్దగా పనిచేశారు. 1972లో పోయారు.

రెండేళ్ళకి నా మేకు తీసేశారు. అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. చివర నించి చూస్తే మూడు రేకుల ఆకులా ఉంటుంది. ఎముకలోకి దించేటప్పుడు ఆ రేకులు నొక్కుకుని, లోపలికెళ్ళాక విచ్చుకుని గోడని పట్టుకుంటాయి. బీరువాలో మెడల్స్ పక్కనే పెట్టాను.