పేలని తుపాకీ, పాలెగాళ్ల బల్లెం

1529 ప్రాంతంలో మదుర పాలన చేపట్టిన విశ్వనాథ నాయకుని కాలంలోనూ, అంతకు కొంత ముందూ వెనకా దక్షిణానికి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు మదుర, తిరునెల్వేలి, కోయంబత్తూరు సీమల్లో స్థిరపడగా, వారిలోని సేనానాయకులు కొందరు పాలెములకు, అంటే పన్ను వసూలు, ఊరికావలి, సైన్య పోషణ బాధ్యతలతో కూడిన చిన్న సంస్థానాలకు అధిపతులయ్యారు. పాంచాలంకురిచ్చి, ఎట్టయపురం, విరూపాక్షి పాలెగాళ్లు ఆ కోవకు చెందినవారే. కాలం చెల్లిన ఆయుధాలు పట్టినందువల్లే పాలెగాళ్లు ఈస్టిండియా కంపెనీకి ఓడిపోయారన్న మాట తరచు వినిపిస్తుంది గాని, ఆనాటి కొత్త తుపాకీ ఎంతగా మొరాయించేదో గమనిస్తే అందులో సగమే నిజమని తేలుతుంది.

పాలెముల్లో వాడుకలో ఉన్నది జామగి తుపాకీ. పెట్లుప్పు పట్టించి ఆరబెట్టిన నూలు తాడే జామగి. దాని కొసన రాజుకుంటున్న నిప్పు, మీట నొక్కగానే, గొట్టం పక్కనున్న చిన్న పళ్లెంలోని రంజకాన్ని, అంటే అంటింపు మందును తాకేది. కంపెనీ సిపాయి చేతిలోని బ్రౌన్ బెస్ తుపాకీలో జామగికి బదులు చెకుముకి రాయి ఉక్కు పలకను గీరి రవ్వలు రాల్చేది. రెండింటిలోనూ ఆ మంట సన్నని రంధ్రం గుండా లోపలికి పోయి అసలు మందును అంటించాలి.

చిక్కంతా అక్కడే. రాయి అంచు మొద్దుబారితే రవ్వ రాలదు. రంజకం చెమ్మగిల్లితే రవ్వ పడినా అంటుకోదు. రంధ్రం పూడితే పళ్లెంలో మంట భగ్గుమని ఆరిపోతుందే తప్ప గుండు కదలదు. పెట్లుప్పు, బొగ్గు, గంధకం కలిపిన నల్లమందు కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా మసిగానే మిగిలి, గొట్టానికి అంటుకుని, గాలిలోని తేమను పీల్చి జిగటవుతుంది గనుక, వరసగా కాల్చేకొద్దీ గుండు లోపలికి దిగడమే కష్టమయ్యేది. సిపాయి తన పటకాకు వేలాడే సన్నని తీగతో రంధ్రాన్ని పొడిచి, చిన్న కుంచెతో పళ్లెం తుడిచి, అప్పటికీ పేలకపోతే దట్టించే కడ్డీ కొసకు మరచుట్ల ములుకు బిగించి గుండును బయటికి లాగవలసి వచ్చేది. పోరు హోరులో తన తుపాకీ పేలలేదని గుర్తించక మరో మోతాదు దట్టించినవాడికి ముప్పు ఇంకా పెద్దది, ఎందుకంటే రెండు మోతాదులు ఒక్కసారిగా అంటుకుంటే గొట్టమే పగిలిపోవచ్చు.

కంపెనీకి ఎదురుతిరిగిన పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మన్‌ను 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీశాక, అతని తమ్ముడు ఊమైదురై 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెర నుంచి తప్పించుకుని పాంచాలంకురిచ్చి మట్టికోటను మళ్లీ కట్టించాడు. మార్చి 31న కోట ఎక్కబోయిన కంపెనీ సేనను వెనక్కి తరిమిన ఆయుధాల్లో ముఖ్యమైనది పొడవాటి బల్లెం. గోడ మీదికి పాకే సిపాయికి ఒకసారి పేల్చిన తుపాకీని మళ్లీ నింపుకునే వ్యవధి ఉండదు. బల్లేనికి మందు అక్కరలేదు, తడి లెక్కలేదు. అదనపు బలగాలు, ఫిరంగులు వచ్చాక మే 24న గాని ఆ కోట కంపెనీ వశం కాలేదు. ఆ ఏడాది డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ చేసిన ప్రకటనతో పాలెముల ప్రజలు తుపాకులతో పాటు బల్లేలు కూడా పట్టరాదన్న నిషేధం వచ్చింది.

చెకుముకి తుపాకీ లోపం ఆ తరువాత నలభై ఏళ్లకూ తీరలేదు. 1841 మే 30న చైనాలోని కాంటన్ దగ్గర మద్రాసు 37వ పటాలానికి చెందిన ఒక దళం కుండపోత వానలో చిక్కుకుపోయి, తడిసిన తుపాకులు పేలక, వాటి కొసన బిగించిన బాయొనెట్లతోనే శత్రువును నిలువరించింది. దాన్ని విడిపించినవారు కొత్త రకం తుపాకులు పట్టిన నౌకాదళ సైనికులు. ఆ తుపాకుల్లో రవ్వ బదులు, దెబ్బ తగిలితే పేలే రసాయనం నింపిన చిన్న లోహపు టోపీ ఉండటంవల్ల వాన వాటిని అంతగా బాధించలేదు.

తుపాకీ ఉండి కూడా బల్లెం వదలని పాలెగాళ్లను ఆయుధజ్ఞానం లేనివారిగా చూపే రాతలను చరిత్రకారులు ఇకనైనా సరిదిద్దాలి.