గోధుమపిండి చీటీ

నల్లవాళ్ళ సంగతి నాకు మొదట తెలిసింది 'ఏడు తరాలు' చదివే. హాస్టల్లో ఒకటే కాపీ, అట్ట ఊడిపోయి చేతులు మారుతుండేది. అలిస్ వాకర్ మాత్రం నాకు చాలా ఆలస్యంగా దొరికింది. 1983లో పులిట్జర్ తెచ్చిపెట్టిన 'ది కలర్ పర్పుల్' కంటే, అక్కడిదాకా ఆమె నడిచొచ్చిన దారి నన్నెక్కువ పట్టుకుంది. ఆ దారి ఒక గోధుమపిండి చీటీ దగ్గర మొదలైందని నా లెక్క.

వాకర్ 1944లో జార్జియా రాష్ట్రం ఈటన్‌టన్‌లో పుట్టింది. ఎనిమిదో సంతానం. తెల్లవాళ్ళ పొలాలు పాలికి చేసుకు బతికే ఇల్లు. ఆమె పుట్టకముందు, 1930ల మాంద్యం రోజుల్లో, తల్లి మినీ లూ రెడ్‌క్రాస్ చీటీ పట్టుకుని పిండి కోసం టౌనుకెళ్ళింది. ఉత్తరాది నుంచి చుట్టాలు పంపిన బట్టలు వేసుకుంది. కాస్త మంచివి. అదే తప్పయింది. పంచే తెల్లామె ఎగాదిగా చూసి, నాకంటే మంచి బట్టలేసుకుని పిండికొచ్చావా అని వెళ్ళగొట్టింది. తర్వాత ఇరుగుపొరుగుకి దొరికిన గోధుమపిండిని, తమ మొక్కజొన్న పిండిచ్చి మార్చుకుని పిల్లల్ని సాకారు.

అది చదివి పుస్తకం మూసేశాను. నన్ను కాలేజీలో చేర్చేటప్పుడు స్కాలర్‌షిప్పు కాయితం కోసం మాయమ్మ ఒక ఆఫీసుకొచ్చింది. గుమాస్తా కాయితం చూడలేదు, కోక చూశాడు. "ఇంత మంచి కోక కట్టే దానివి, నీ కూతురికి సర్కారు డబ్బులెందుకే?" అన్నాడు. వారం తిప్పాడు. అవమానం మాకు చినిగిన గుడ్డలతోనే వస్తదనుకుంటారు జనం.

వాకర్ 1961లో చదువుకోసం అట్లాంటా బస్సెక్కి ముందు సీట్లో కూచుంది. ఒక తెల్లామె గొణిగితే డ్రైవరు ఆమెను లేపి వెనక్కి పంపాడు. ఏడుస్తూనే పోయింది. తర్వాత జార్జియాలో ఇంటింటికీ తిరిగి నల్లవాళ్ళను ఓటర్లుగా చేర్పించింది. 1967లో మిసిసిపీలోని జాక్సన్‌లో కాపురం పెట్టి, హెడ్ స్టార్ట్ అనే పసిపిల్లల బళ్ళలో పనిచేసే నల్ల ఆడవాళ్ళకు తమ జాతి చరిత్ర చెప్పింది. తారీఖులు చెబితే వాళ్ళకెక్కలేదు. మీ బతుకులు మీరే రాయండి అంది. పత్తి చేలలో, తెల్లవాళ్ళ వంటిళ్ళలో గడిచిన బతుకులు కాయితం మీదికొచ్చాయి. అప్పుడు గానీ తామూ చరిత్రలో ఉన్నామని వాళ్ళకి తట్టలేదు. ఉద్యమంలో ఆమె చేసిన పనుల్లో నాకిదే పెద్దది. ఊరేగింపు ఫొటోలో కనపడదు గదా.

అమ్మ చెప్పిన పిండి సంగతిని కథ చేయాలనుకుంది. అమ్మకు పగ లేదు, దేవుడే చూసుకున్నాడంటుంది. కూతురికి పగ కావాలి. కథలో పిండి దొరకని తల్లికి పిల్లలు చచ్చిపోతారు, ఆమె మంత్రగత్తె దగ్గరికి పోతుంది. మరి నల్లవాళ్ళ మంత్రాలూ మూలికలూ ఎవరు రాసిపెట్టారు? వెతికితే నల్లవాళ్ళ బుర్ర చిన్నదా అని కొలిచే తెల్ల పండితులే తగిలారు. వాళ్ళ పుస్తకాల్లో పేజీ అడుగున, చిన్నక్షరాల్లో ఒక పేరుంది: జోరా నీల్ హర్‌స్టన్. నల్లామె. ఫ్లోరిడా పల్లె కథల్నీ, దక్షిణాది మంత్రాల్నీ తిరిగి సేకరించి 1935లో 'మ్యూల్స్ అండ్ మెన్' వేసింది. 1960లో అనాథల ఆశ్రయంలో చనిపోయింది, చందాలేసుకుని పూడ్చారు. వాకర్ కథకు శాపం ఆ పుస్తకంలోనే దొరికింది.

1973లో వాకర్ ఫ్లోరిడా పోయి, జోరాకి మేనకోడల్నని అబద్ధం చెప్పి సమాధి వెతికింది. నడుమెత్తు గడ్డి, పాముల భయం. గుర్తే లేదు. గడ్డిలో నిలబడి జోరాని పేరుపెట్టి పిలిచింది. కాలు గుంటలో పడింది. అక్కడే రాయి పెట్టించింది. రాయి మీద పుట్టిన ఏడు 1901 అని పడింది, అసలు 1891. జోరా తన వయసు తగ్గించి చెప్పుకునేదిలే.

ఇదంతా చదివాక నోటుబుక్కు పట్టుకుని మాయమ్మ పక్కన కూచున్నాను. "ఆ రోజు ఆఫీసుకి కట్టుకొచ్చిన కోక ఎక్కడిదే అమ్మా?" అనడిగాను.

"మీ మేనత్తది. ఆ సాయంత్రమే ఉతికి ఇచ్చేశా," అంది.